ఫ్లాటుకి ఒక్క పేరు

“ఈ ఫొటో పనికిరాదు,” అన్నాడు సదాశివరావు. “పట్టుచీరలో ఉంది. ఏ పనిమనిషి పట్టుచీర కట్టుకుని ఫొటో దిగుతుంది?”

“ఉన్నది ఇదొక్కటేనండీ,” అంది సుభాషిణి. “మెడ దాకా కత్తిరిద్దాం.”

“మెడలో గొలుసుంది.”

“గిల్టుది.”

“గిల్టని నీకు తెలుసు, నాకు తెలుసు. ఇన్సూరెన్సు వాడికి తెలుస్తుందా? ఇంకోటి తియ్యండి. ఏదైనా పాత చీరలో.”

భోజనాల బల్ల మీద రెండు పేజీల ఫారం పరిచి ఉంది. పైన సొసైటీ పేరు. దాని కింద ‘ఇళ్లలో పనిచేసేవారికి ఆరోగ్య బీమా’ అని హిందీలో పెద్ద అక్షరాలు. అంత పెద్దగా వేయించింది సుభాషిణే. సొసైటీ సెక్రటరీగా రెండేళ్లపాటు మయూర్ విహార్‌లోని ఆ నాలుగు బ్లాకుల్లో ఆమె ఎక్కని మెట్టు లేదు, నొక్కని కాలింగ్ బెల్లు లేదు. మన గిన్నెలు కడిగేవాళ్లకి జ్వరమొస్తే ఎవరు చూస్తారని అడిగి, తిట్టించుకుని, బతిమాలి, చివరికి కిందటి నెలలో పాలసీ తెప్పించింది.

ఇవాళ సాయంత్రం అయిదింటికి ఆ లిస్టు మూసేస్తారు.

వంటింటి గుమ్మంలో పార్వతి నిలబడి ఉంది. సదాశివరావుకి అక్క, అతనికంటే ఆరేళ్లు పెద్ద. చేతులకి శనగపిండి అంటుకుని ఉంది.

“ఏ చీర కట్టుకోమంటావురా?” అంది.

తమ్ముడు ఫారంలోకి చూశాడు. మరదలు ఫొటోలోకి చూసింది.

“జుమాకి ఇచ్చేద్దామని ఆకుపచ్చది పక్కన పెట్టాను. అది కట్టుకోనా?”

“అక్కా, నువ్వలా మాట్లాడకు,” అన్నాడు సదాశివరావు. “నీకోసమేగా ఈ తిప్పలన్నీ.”

“చీర గురించేగా అడిగాను.”

ఆమె లోపలికి వెళ్లింది. అయిదు నిమిషాల్లో ఆకుపచ్చ చీరతో వచ్చింది. గొలుసు తీసేసింది. జుట్టు వెనక్కి లాగి ముడేసింది. బొట్టు మాత్రం ఉంచుకుంది. భర్త ఇంకో మనిషిని ఇంటికి తెచ్చుకుని ఇరవయ్యేళ్లు దాటినా ఆ బొట్టు తీయలేదు.

“చాలా?” అంది.

చాలన్నట్టు సదాశివరావు తల ఊపాడు.

“శరణ్యా!” సుభాషిణి పిలిచింది. “ఫోన్ తీసుకురా. అత్తయ్యకి ఒక ఫొటో తియ్యి.”

శరణ్యకి పంతొమ్మిదేళ్లు, హాస్టల్ నుంచి సెలవులకి ఇంటికొచ్చి ఉంది. చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీస్తూ వచ్చింది. అత్తని చూసింది, ఫారం చూసింది.

“యే క్యా హై, మమ్మీ? మీరు నిజంగా చేస్తున్నారా ఇది? ఐ థాట్ యూ వర్ జోకింగ్.”

“ఫొటో తియ్యి.”

“నో.”

“ఆమెకి నెల్లో ఆపరేషన్ అవ్వాలి,” అన్నాడు సదాశివరావు. “నీకు అర్థమవుతోందా?”

“అవుతోంది, డాడీ. కార్‌కి జీరో-డెప్ ఇన్సూరెన్స్ ఉంది, చిన్న గీత పడ్డా మొత్తం వాళ్లే ఇస్తారు. ప్రతి ఏడాదీ రెన్యూ చేస్తారు, ఒక్కరోజు కూడా లేట్ కాదు. అత్తకి ఏం లేదు. ఇది కూడా అర్థమవుతోంది.”

సదాశివరావు చెయ్యి బల్ల మీద పడింది. ఫారం మీదున్న పెన్ను దొర్లి కింద పడింది. పార్వతే వంగి తీసింది. వంగినప్పుడు ఎడమ చెయ్యి ఛాతీకి అడ్డం పెట్టుకుంది.

మంగళవారం రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో జబ్బు పేరు ఎవరూ పలకడంలేదు. ‘ఆ గడ్డ’ అంటున్నారు. గోళీకాయంత ఉన్నప్పుడు పార్వతి చెప్పలేదు. నిమ్మకాయంత అయ్యాక, ఇంట్లో గిన్నెలు కడిగే జుమా కనిపెట్టి చెప్పింది.

“నేనేం చెయ్యలేదంటావా?” సదాశివరావు కూతురి మీదికి లేచాడు. “మా ఆఫీసు పాలసీలో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, అంతే. అక్క అన్న గడే లేదు. హెచ్చారు వాళ్లని అడిగాను. ‘సర్, సిస్టర్ ఈజ్ నాట్ ఫ్యామిలీ’ అన్నాడు పాతికేళ్ల కుర్రాడు. బయట కొత్త పాలసీ తీసుకుందామంటే ఇప్పటికే ఉన్న జబ్బుకి మూడేళ్లు ఆగాలిట. పెద్దాసుపత్రికి వెళితే జూలై పంతొమ్మిది రమ్మన్నారు. ఇది ఫిబ్రవరి.”

“ప్రైవేట్‌లో చేయించండి.”

“నీ హాస్టల్ ఫీజు ఆపేసి చేయించనా? చెప్పు, చేయిస్తాను.”

శరణ్య ఒకడుగు వెనక్కి వేసింది. ఆ ప్రశ్న పనిచేస్తుందని అతనికి తెలుసు. మంగళవారం నుంచి దాన్ని దాచుకున్నట్టున్నాడు.

“డెబ్బై నిండితే గవర్నమెంటు కార్డిస్తారటగా,” అంది పార్వతి. “నాకు యాభై ఎనిమిది. పన్నెండేళ్లు ఆగమని దీనికి చెబితే సరి.”

పార్వతి కొంగు భుజం మీద సర్దుకుంది.

“తియ్యవే, తల్లీ,” అంది శరణ్యతో. “కళ్లు మూసుకోకుండా ఉంటాను. ఒక్కసారిలో అయిపోతుంది.”

శరణ్య ఫొటో తీసింది. తీసి ఫోన్ బల్ల మీద పడేసి, ఫారం చేతిలోకి తీసుకుంది.

“చదువు,” అంది పార్వతి. “నాకు హిందీ మాట్లాడ్డమే గానీ చదవడం రాదు.”

“అత్తా, వద్దు.”

“చదువంటుంటే!”

శరణ్య నెమ్మదిగా, ఒక్కో గడీ తెలుగులో చెప్పుకుంటూ వెళ్లింది. పేరు పార్వతి. చేసే పని వంట, బట్టలు ఆరెయ్యడం, పిల్లల్ని చూసుకోవడం. ఎన్నాళ్లుగా? పంతొమ్మిదేళ్లు. వారంలో సెలవు? లేదు. ఉండేది? యజమాని ఇంట్లోనే.

“అన్నీ నిజాలే రాశావు, సుభాషిణీ,” అంది పార్వతి. “నేనింకా అబద్ధాలు రాయాలేమోనని భయపడ్డాను.”

“వదినా...”

“జీతం ఎంతేశావు?”

శరణ్య చెప్పింది. “త్రీ థౌజండ్.”

“గిన్నెలకీ గచ్చుకీ జుమాకి నాలుగిస్తున్నావు. వంటకి మూడేనా?”

“ఏదో ఒకటి వెయ్యాలని వేశాను వదినా. ఆ గడి ఖాళీగా ఉంటే తీసుకోరు.”

“తెలుసులే. నవ్వొచ్చి అడిగాను.”

కానీ ఆమె నవ్వలేదు. పంతొమ్మిదేళ్ల క్రితం శరణ్య కడుపులో ఉండగా సుభాషిణికి పురిటి సాయమని పిలిపించారామెని. రెండు నెలలకి. అమలాపురం తిరుగు టికెట్టు కూడా అప్పుడే తీశారు.

శరణ్య ఫారం తిప్పింది. రెండో పేజీ అడుగున చిన్న అక్షరాలు. చదువుతూ ఆగిపోయింది.

“మమ్మీ, వెయిట్. ఒక ఫ్లాట్‌కి ఒకటే పేరు అనుంది. మన ఫ్లాట్ మీద ఆల్రెడీ జుమా దీదీ ఉంది కదా?”

సదాశివరావు లేచి బాల్కనీ తలుపు దగ్గరికి వెళ్లాడు. తెరిచే పని లేదు. బయట పొగమంచూ పొగా కలిసి ఎదురు బ్లాకు కూడా కనబడ్డంలేదు.

“జుమా పేరు ఏం చేస్తారు?” అంది పార్వతి.

“మారుస్తారు,” అంది సుభాషిణి.

“అంటే?”

“తీసేసి మీ పేరు రాస్తారు. మళ్లీ ఏడాది జుమా పేరు...”

“మళ్లీ ఏడాదా? దాని కడుపులో రాళ్లున్నాయిగా. ఈ నెలే ఆపరేషన్ అన్నావు. నువ్వే దాన్ని డాక్టరు దగ్గరికి తీసికెళ్లావు.”

“రాళ్లతో మనిషి బతుకుతుంది వదినా.”

ఆ మాట అనేశాక సుభాషిణి కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

సొసైటీ జనరల్ బాడీ మీటింగుకి జుమాని చెయ్యి పట్టుకు తీసికెళ్లింది ఆమే. ‘నీ స్కాన్ అందరికీ చూపించు’ అంది. జుమా సిగ్గుతో తలమీద కొంగు ముందుకి లాక్కుని, ఆ నల్ల ఫిల్ము రెండు చేతులా పట్టుకుని, మూడొందలమంది ముందు నిలబడింది. ఆ రోజు ఓట్లు పడ్డాయి. పడటానికి ఒక షరతు ఒప్పుకోవాల్సి వచ్చింది. ‘ఇంటికి ముగ్గురు పనివాళ్లుంటే ముగ్గురికీ మేమెందుకు కట్టాలి?’ అని సి బ్లాకు వాళ్లు ఎదురు తిరిగితే, ‘సరే, ఫ్లాటుకి ఒక్క పేరు’ అని రాసిచ్చింది సుభాషిణే.

“దానికి చెప్పారా?” అంది పార్వతి.

“చెప్తాను. తర్వాత.”

“నా సంతకం ఎక్కడ పెట్టాలి?”

సదాశివరావు వెనక్కి తిరిగాడు. అక్క ఒప్పుకుందనుకున్నాడు. మొహంలో రక్తం మళ్లీ వచ్చింది.

“ఇక్కడ కాదక్కా. ఆఫీసులో, వాళ్ల ఎదురుగా పెట్టాలి. ఆధార్ కార్డు తెచ్చుకో. అందులో కేరాఫ్ సదాశివరావు అనే ఉంది. అక్క అని ఎక్కడా లేదు, అదృష్టం.”

“అదృష్టమే,” అంది పార్వతి.

*

సొసైటీ ఆఫీసు గార్డు గదిని ఆనుకుని ఉంటుంది. నాలుగున్నరకి, శరణ్యని ఇంట్లో ఉంచి, వాళ్లు ముగ్గురూ వెళ్లేసరికి లోపల కమలాకుమారి ఒక్కతే రిజిస్టరు ముందు కూర్చుని ఉంది. ఆర్మీ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసరుగా చేసి మేజరుగా రిటైరైంది. వరంగల్ ఆవిడ. వాళ్ల పక్క ఫ్లాటు, 305లో ఒంటరిగా ఉంటుంది. బీమా లిస్టు సరిచూసే పని ఆవిడకి అప్పగించారు, అబద్ధాలు పట్టడంలో పేరున్నందుకు.

తాగునీళ్ల మిషను పక్కన జుమా నిలబడి ఉంది. ఆధార్ నకలు ఇమ్మంటే వచ్చింది. వాళ్లని చూసి నవ్వి, “నమస్తే, భాభీ,” అంది. సుభాషిణి తలూపింది.

“రండి, పార్వతిగారూ,” అంది కమలాకుమారి. “కూసోండి.”

“పరవాలేదు, నిలబడుతుందిలెండి,” అన్నాడు సదాశివరావు గబుక్కున.

అందరూ అతనివైపు చూశారు. ఎందుకన్నాడో అతనికే తెలిసినట్టు లేదు. ఇంటిదగ్గర బయల్దేరినప్పట్నుంచీ మనసులో వేసుకుంటున్న వేషం నోట్లోంచి జారిపడింది. పార్వతి కుర్చీ మీద వేసిన చెయ్యి తీసేసింది.

కమలాకుమారి ఫారం అందుకుని కళ్లజోడు పెట్టుకుంది. రెండు పేజీలూ చదివింది. ఫొటో దగ్గర ఎక్కువసేపు ఆగింది.

“గీ పార్వతి ఎవరు?”

“మా ఇంట్లో చేస్తుంది,” అంది సుభాషిణి.

“ఏం జేస్తది?”

“వంట.”

“ఉగాదికి నా ఇంటికి తోలుకొచ్చి ‘మా అక్కయ్య’ అని చెప్పినవ్ గద, సదాశివరావ్. ఆమె వేరేనా? ఈమె వేరేనా?”

సదాశివరావు చెవులు ఎర్రబడ్డాయి. “ఆంటీ, మీకన్నీ తెలుసు. రిపోర్టు మీకే మొదట చూపించాం. ఇందులో ఎవరికీ నష్టం లేదు.”

“ముప్పై ఏండ్లు మిలిటరీ దవఖానల్ల జేసిన. లేని రోగం ఉన్నదని చెప్పెటోళ్లను మస్తుమందిని జూసిన. ఉన్న అక్కను లేదనెటోన్ని ఇయ్యాలనే జూస్తున్న.”

“కమలాకుమారిగారూ,” సుభాషిణి గొంతు తగ్గించింది. “అవసరం లేని మనిషిని ఎక్కించడం లేదు కదా. ఆవిడకి ఇంకో దారి లేదు. పాత జబ్బులకి కూడా మొదటిరోజు నుంచే ఇవ్వాలని నేను కంపెనీవాళ్లతో నాలుగు నెలలు కొట్లాడాను. ఎవరికోసమో కొట్లాడాను. మా ఇంట్లో మనిషికి మాత్రం పనికిరాకూడదా?”

“పనికి రావద్దని ఎవరన్నరు? జుమ పేరు ఏమైతది?”

తన పేరు వినబడి జుమా ఇటు తిరిగింది. సుభాషిణి ఆమెకేసి చూడకుండా చెప్పింది. “అది తీసేసి ఇది రాయండి.”

“ఆమెకు చెప్పినవా?”

“చెప్తాను.”

“గీడనే ఉన్నది. చెప్పు.”

సుభాషిణి చెప్పలేదు. జుమా ఏదో మంచి మాటే అనుకుని మళ్లీ నవ్వింది.

కమలాకుమారి ఫారం బల్లమీద పెట్టి వేలితో వెనక్కి నెట్టింది. “నేను రాయ. పెద్ద ఆపరేషన్ అంటే కంపెనీ మనిషి అడగనీకి వస్తడు. గార్డును అడుగుతడు, లిఫ్టు మనిషిని అడుగుతడు. ఈమె ఎవరంటే రావు సాబ్ దీదీ అంటరు. ఒక్క అబద్ధం దొరికితే అరవై రెండు కార్డులు పోతయి. నువ్వు రెండేండ్లు తిరిగింది గింతకేనా?”

“అయితే మా అక్క చావాలా?” అన్నాడు సదాశివరావు.

ఆ గదిలో ఆ మాట అతనే అన్నాడు. అన్నాక అక్క మొహంలోకి చూడలేక గోడమీది నోటీసులు చూశాడు.

“మీ ఫ్లాటు మీద ఎవరి పేరుందండీ?” అంది పార్వతి.

వచ్చినప్పటినుంచి ఆమె మాట్లాడటం అదే మొదలు. కమలాకుమారి కళ్లజోడు తీసింది.

“నా ఇంట్ల ఎవ్వరు లేరు. నా గిన్నెలు నేనే కడుగుకుంట.”

“వంట?”

“నేనే. ఎందుకు?”

“అయితే నన్ను పెట్టుకోండి. ఇవాళ్టినుంచి. పొద్దున్న ఒక పూట, సాయంత్రం ఒక పూట. మీరు వద్దనేదాకా చేస్తాను. అప్పుడు అబద్ధం ఉండదు. జుమా పేరు తియ్యక్కర్లేదు.”

“అక్కా!” అన్నాడు సదాశివరావు.

“నువ్వుండరా. పని గురించి మాట్లాడుకుంటున్నాం.”

కమలాకుమారి వెనక్కి వాలి ఆమెని తేరిపార చూసింది. ఆ చూపులో జాలి లేదు. వార్డులో కొత్తగా చేరిన ఆయాని చూసే చూపది.

“జాలితోని పెట్టుకోను. రాసినంక పని చెయ్యాలె.”

“చేస్తాను.”

“ఆపరేషనయినంక?”

“కుట్లు మానగానే వస్తాను. తర్వాత మందులెక్కించేటప్పుడు వాంతులవుతాయిట. ఆ నాలుగు రోజులు రాలేను. ముందే చెబుతున్నాను.”

“చింతపండు ఎక్కువెయ్యద్దు. మీ దిక్కు పులుపు నేను తినలేను.”

“వెయ్యను.”

“జీతం మూడు వేలిస్త. గీ ఫారంల అదే రాసిండ్రు.”

“నాలుగు,” అంది పార్వతి. “జుమాకి నాలుగు.”

కమలాకుమారి సొరుగులోంచి కొత్త ఫారం తీసింది. ఫ్లాట్ నంబరు దగ్గర 305 అని రాసింది. “సరే. ఆధార్ ఇయ్యి. నువ్వు పొద్దున ఏడుకు రావాలె, తెలిసిందా? ఏడంటే ఏడు.”

‘పార్వతిగారూ’, ‘మీరు’ అన్న మాటలు ఆ కొత్త కాగితంతోపాటే పోయాయి. పార్వతి గమనించింది. ఆధార్ కార్డు తీసి ఇచ్చింది.

“ఏవిటిది?” సదాశివరావు బల్లమీదకి వంగి ఫారానికి చెయ్యి అడ్డం పెట్టాడు. “మా అక్క పక్కింట్లో వంటమనిషా? పొద్దున్నే మా గుమ్మంలోంచి వాళ్ల గుమ్మంలోకి వెళుతుంటే కారిడార్లో అందరూ చూడాలా? ఈ సొసైటీలో నేను తలెత్తుకు తిరగాలా వద్దా?”

“మీ ఇంట్లో పనిమనిషినని రాసుకొచ్చినప్పుడు తల బాగానే ఉంది కదరా.”

“అది కాగితం మీద! ఎవరికీ తెలీదు!”

“నాకు తెలుసుగా.”

“అక్కా, నేను నిన్ను పంతొమ్మిదేళ్లు...”

అతను ఆగిపోయాడు. ఆగడం ఆలస్యమైంది.

“చెప్పు,” అంది పార్వతి. “పెట్టి పోషించావు. అనేసెయ్యి, పోతుంది. నేనూ ఒకటి అడుగుతాను. పదేళ్ల క్రితం మీ ఇంటికి ఆ పాలసీలమ్మే అమ్మాయి వచ్చింది గుర్తుందా? నలుగురికి ఇంత, అయిదుగురికి ఇంత అని చెప్పింది. నేను టీ ఇస్తుంటే నువ్వేవన్నావు? ‘మేం నలుగురమే’ అన్నావు. నువ్వూ, నీ పెళ్లామూ, ఇద్దరు పిల్లలూ. నేను ట్రే పట్టుకుని నీ పక్కనే ఉన్నాను.”

సదాశివరావు చెయ్యి ఫారం మీదనుంచి జారింది.

“మరి మన ఇంట్లో వంట?” అంది సుభాషిణి. అంత చిన్నగా అందంటే, అనాలనుకోలేదేమో అనిపించింది.

“ఒక మనిషిని పెట్టుకో, సుభాషిణీ. పాపం ఆవిడకి మాత్రం కార్డు రాదు. ఫ్లాటుకి ఒక్కటేగా.”

కమలాకుమారి రాయడం పూర్తిచేసింది. పార్వతి తెలుగులో సంతకం పెట్టింది. కమలాకుమారి తన సంతకం పెట్టి, ఫారమూ రిజిస్టరూ కలిపి సుభాషిణి ముందుకి జరిపింది.

“సెక్రటరీ సంతకం. నువ్వు పెడితే అయిదింటికి మెయిల్ పంపుత.”

సుభాషిణి కుర్చీలో కూర్చుంది. పెన్ను తీసింది. సెక్రటరీ అన్న అక్షరాల పైన చుక్కల గీత ఉంది. ఇప్పటికి అరవైరెండు సార్లు అలాంటి గీత మీద సంతకం పెట్టింది. ఒక్కో సంతకానికీ ఫొటో తీయించి సొసైటీ గ్రూపులో పెట్టింది.

“సుభా,” అన్నాడు సదాశివరావు. “పెట్టావంటే చూడు.”

ఆమె పెట్టలేదు. గ్రూపులో అరవైమూడో ఫొటో కింద ఏం రాస్తారో ఆమెకి కనబడుతోంది. ‘సెక్రటరీ వదిన పక్కింట్లో వంటమనిషా?’ అని సి బ్లాకు వాళ్లు ముందు రాస్తారు.

“వదినా,” అంది తలెత్తకుండా. “ఈ ఫారం వద్దు. జుమా పేరు తీసి మన ఫ్లాటు మీదే రాద్దాం. దానికైతే ఇప్పుడే పెడతాను. కంపెనీవాడొస్తే నేను చూసుకుంటాను. జుమాకి కూడా ఏదో ఒకటి చేస్తాను. ఇంటి విషయం ఇంట్లోనే ఉంటుంది.”

“గట్లయితే నేను పంపను,” అంది కమలాకుమారి.

“అయితే ఏదీ లేదు,” అన్నాడు సదాశివరావు.

ముగ్గురూ తెలుగులో గొంతులు పెంచుకుంటుంటే మధ్యమధ్యలో తన పేరు వినబడి జుమా దగ్గరికి వచ్చింది. “క్యా హువా, భాభీ? మేరే కాగజ్ మే కుఛ్ గల్తీ హై?” తన కాగితంలో తప్పేదో దొరికిందనుకుంది.

“కుఛ్ నహీ,” అంది సుభాషిణి. “తుమ్ ఘర్ జావ్.”

“రుకో, జుమా,” అంది పార్వతి.

ఆ ఇంటి వంటింట్లో, గిన్నెల చప్పుళ్ల మధ్య, జుమా దగ్గరే ఎనిమిదేళ్లుగా నేర్చుకున్న హిందీలో ఆమె చెప్పింది. మర్యాదలూ లింగాలూ అన్నీ తప్పులే. విషయం మాత్రం తప్పు లేకుండా చెప్పింది. నీ పేరు కొట్టేసి నా పేరు రాద్దామని ఇంటిదగ్గర రాసుకొచ్చారు. నేను వద్దన్నాను. భాభీ ఇప్పుడు కూడా అదే అంటోంది.

జుమా నవ్వు ఒకేసారి పోలేదు. ముందు కళ్లలోంచి పోయింది. పెదాల మీద ఇంకాసేపు మిగిలింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఆఫీసులో ఆమె కూర్చోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

“భాభీ,” అంది హిందీలో, “మీటింగులో నా కడుపు ఫొటో అందరికీ చూపించమన్నారు. మగవాళ్లున్నారు. మీరన్నారని చూపించాను. ఈసారి ఎవరికి చూపించను?”

సుభాషిణి పెన్ను వేళ్ల మధ్య తిప్పింది.

“దీదీకి సంతకం పెట్టండి,” అంది జుమా. “లేకపోతే నన్ను కొట్టెయ్యండి. ఏదో ఒకటి నా ఎదురుగా చెయ్యండి. రేపు పొద్దున్న మీ గిన్నెలకి రావాలో వద్దో నాకు తెలియాలిగా.”

సదాశివరావు తలుపు దగ్గరికి నడిచి, చెయ్యి గొళ్లెం మీద పెట్టి నిలబడ్డాడు. “వస్తున్నావా?” అన్నాడు. భార్యనే అన్నాడు. అక్కని అనలేదు.

పార్వతి బల్లకి అటువైపు ఆకుపచ్చ చీరలో నిలబడే ఉంది. ఎడమ చెయ్యి ఛాతీకి అడ్డంగా ఉంది. ఆమె బతిమాలలేదు. మరదలి చేతిలోని పెన్నునే చూస్తోంది, డాక్టరు నోటివంక చూసినట్టు.

సుభాషిణి పెన్ను చుక్కల గీత మీద ఆనించింది. చిన్న నీలం చుక్క పడింది. అక్కడే ఆగింది.

తర్వాత పెన్నుకి మూత పెట్టింది. ఫారం రిజిస్టరులో ఉంచి, రిజిస్టరు మూసి, రెండు చేతులూ దానిమీద పెట్టుకుంది.

“టైమైపోయింది,” అంది. “లిస్టు మూసేశాం. ఇంక ఏ పేరూ చేర్చడానికి వీల్లేదు.”

కమలాకుమారి మణికట్టు తిప్పి వాచీ చూసుకుంది.

“ఇంక ఎనిమిది నిమిషాలున్నయి, సుభాషిణీ.”

సుభాషిణి రిజిస్టరు మీంచి చేతులు తియ్యలేదు.